మూడు పెన్నీల మాటున

పౌను టీకి మూడు పెన్నీల పన్ను. అది కట్టడం ఇష్టం లేకే అమెరికాలోని వలస రాజ్యాల జనం బ్రిటిష్ రాజు మీద తిరగబడ్డారట! స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండే వేళ కూడా ఇదే పాట వినాల్సి రావడం మాకు కోపం తెప్పిస్తోంది. పన్ను భారమే అసలు గొడవైతే 1773 టీ చట్టంతో అది చల్లారిపోవాలి. ఆ చట్టం వల్ల టీ చవకైంది. అయినా డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో నిరసనకారుల చేతుల్లో 342 పెట్టెల టీ నీళ్లపాలైంది.

వలస రాజ్యాల్లో కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టాన్ని 1766లో రద్దు చేసిన రోజే బ్రిటిష్ పార్లమెంటు ఇంకో చట్టం చేసుకుంది. ఏ విషయంలోనైనా సరే, వలస రాజ్యాల మీద చట్టాలు చేసే అధికారం తనదేనని అందులో రాసుకుంది. వలస రాజ్యాల దిగుమతుల మీద వేసిన టౌన్‌షెండ్ సుంకాలను 1770లో చాలావరకు ఎత్తేసి, టీ మీద పన్ను మాత్రం ఉంచింది. అంతకుముందు ఏడాది మంత్రివర్గంలో దాన్ని ఉంచాలన్నవాళ్లు ఐదుగురు, వద్దన్నవాళ్లు నలుగురు. లండన్‌కు కావలసింది ఆనవాయితీ. తమ ప్రతినిధి ఒక్కడూ లేని సభ వేసిన పన్ను ఒకసారి నోరు మూసుకుని కడితే, రేపు దేనికైనా అదే ఆధారం.

ఫ్రాన్స్‌తో చేసిన ఏడేళ్ల యుద్ధంతో బ్రిటన్ అప్పుల్లో మునిగింది, ఆ ఖర్చులో వలస రాజ్యాల జనమూ వాటా ఇవ్వాలి కదా అనేవాళ్లున్నారు. ఆ మాట వాళ్ల సభలను అడగాల్సింది. అడక్కుండా జేబులో చెయ్యి పెడితే ఎవరూరుకుంటారు? ఇక స్వేచ్ఛ గురించి మాట్లాడినవాళ్ల ఇళ్లలోనే బానిసలున్నారన్నది నిజం. దాని మీద వేరుగా, గట్టిగా రాయాల్సిందే.

ఆ టీ ఎవరిదో తెలుగువాళ్లు మరవకూడదు. గోదాముల్లో సరుకు పేరుకుపోయి దివాలా అంచున ఉన్న ఈస్టిండియా కంపెనీది. 1765లో మొగల్ ఫర్మానాతో, మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులను చేజిక్కించుకున్నదీ ఆ కంపెనీయే. వద్దనడానికి బోస్టన్‌కు ఊరి సభ ఉంది. మన కోస్తా రైతును అడిగిన నాథుడే లేడు.

టీ పారబోసింది కొందరు. 1774 జూన్ 1 నుంచి రేవు మూతపడింది ఊరందరికీ. నష్టం కట్టేదాకా తెరిచేది లేదంది పార్లమెంటు. మసాచుసెట్స్‌లో గవర్నర్ అనుమతి లేకుండా ఏడాదికి ఒకటికి మించి ఊరి సభ పెట్టొద్దన్నారు. ఇదీ ఆనవాయితీయే. ఈరోజు బోస్టన్‌కు చేసింది రేపు ఎవరికైనా చేస్తారని మిగతావాళ్లకు అర్థమైంది. అందుకే ఆ సెప్టెంబర్‌లో 12 వలస రాజ్యాల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు.

ఆదాయం కోసం వలస రాజ్యాల మీద ఇక పన్ను వెయ్యబోమని 1778లో అదే పార్లమెంటు చట్టం చేసింది. అప్పటికే యుద్ధం మొదలై, అమెరికాలోని సరటోగాలో బ్రిటిష్ సైన్యం ఒకటి లొంగిపోయింది. మంత్రివర్గంలో ఒక్క ఓటుతో పోయేదాన్ని పట్టుకుని ఇంత దూరం తెచ్చిన పెద్దలను వదిలేసి, మూడు పెన్నీలకు కక్కుర్తి పడ్డారని జనాన్ని ఆడిపోసుకునేవాళ్లు ముందు 1766 చట్టాన్నీ 1778 చట్టాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.