సవరణ: చెమట సెన్సార్‌కు నానోవైర్ ‘ఎప్పుడూ’ మేలు కాదు

చెమటలో కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) కొలిచే సెన్సార్ గురించి తిరుపతి విద్యార్థుల కోసం పెట్టిన పోస్టులో ‘చెమట సెన్సార్ ట్రాన్సిస్టర్‌కు గ్రాఫీన్ పొర కన్నా సిలికాన్ నానోవైర్ ఎప్పుడూ మేలు’ అని ఉంది. ‘ఎప్పుడూ’ తీసేసి చదవండి. గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర; నానోవైర్ అంటే నానోమీటర్ల మందం తీగ. అంత సన్నటి తీగలో కొద్దిపాటి ఛార్జీకే కరెంటు మారుతుంది, నిజమే. కానీ చెమటలాంటి 50 మిల్లీమోలార్ ఉప్పునీటిలో అయాన్లు అడ్డుపడి ఆ ఛార్జీ ప్రభావం సుమారు 1.4 నానోమీటర్లు దాటితే వేగంగా తగ్గిపోతుంది. కార్టిసాల్‌ను పట్టుకునే యాంటీబాడీ (ఒక ప్రోటీన్) పొడవే సుమారు 10 నానోమీటర్లు. దాని కొసన అంటుకున్న అణువు ప్రభావం తీగకైనా పొరకైనా సరిగా అందదు. దాని బదులు పొట్టి ఆప్టామర్ (అణువును పట్టుకునే చిన్న డీఎన్ఏ పోగు) వాడండి.

అసలు ముంచేది రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, అంటే కొలతకు ఆధారంగా స్థిరమైన వోల్టేజీ ఇవ్వాల్సిన ఎలక్ట్రోడ్. మే ఎండలో అలిపిరి మెట్లెక్కేవారికి చెమట జోరు పెరిగేకొద్దీ అందులో క్లోరైడూ పెరుగుతుంది. అది రెట్టింపైతే పూతలేని సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ సుమారు 18 మిల్లీవోల్టులు జరుగుతుంది; గ్రాఫ్‌లో అచ్చం కార్టిసాల్ మారినట్టే కనిపిస్తుంది. దాని దగ్గర క్లోరైడ్ మారకుండా ఉప్పు కలిపిన పీవీబీ (పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్) పూత వేయండి. ఆప్టామర్ లేని మరో ట్రాన్సిస్టర్‌ను పక్కనే పెట్టి, రెండింటి తేడానే రీడింగ్‌గా తీసుకోండి.