డెబియన్ జోలికి రాకండి బాబూ

భీమవరంలో మా రొయ్యల మేత కొట్లో బిల్లింగ్ సిస్టమ్ మీద డెబియన్ నడుస్తుంది. అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, లినక్స్ రకం. వచ్చిన కుర్రాడల్లా స్క్రీన్ వైపు చూసి ఒకటే మాట: "బాబాయ్ గారూ, ఇంకా ఈ పాతదేనా?" విని విని విసుగొచ్చేసింది.

అవును, నిదానంగానే వస్తుంది. డెబియన్ 12వ వెర్షన్ వచ్చింది 2023 జూన్‌లో, 13వది వచ్చింది 2025 ఆగస్టులో. విడుదలకు నెలల ముందే కొత్త మార్పులు ఆపేసి, తప్పులు దిద్దుతూ కూర్చుంటారు. 1993 నుంచీ ఈ చాకిరీ చేస్తున్నది ఎక్కువగా వాలంటీర్లే. ఇన్‌స్టాలర్ తెలుగులో కూడా ఉందంటే అదీ అలాంటివాళ్ల చలవే.

నాకు అసలు మండేది ఎక్కడంటే, అందులోని ప్రోగ్రాముల వెర్షన్ నంబర్ చూసి "సెక్యూరిటీ ఉండదు" అని తేల్చేస్తారు. నంబర్ పాతదే ఉంచి, లోపాన్ని సరిచేసిన ముక్కను మాత్రం తెచ్చి అందులో కలుపుతారండీ! నంబర్ చివర 'డెబ్13యు1' లాంటి తోక ఉంటుంది, ఆ దిద్దుబాటుకు గుర్తు అదే. అదైనా చదవకుండా తీర్పు చెప్పేయడమేనా?

పొద్దున్నే మేత లోడు దిగుతుంటుంది. రైతులు ఖాతా పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉంటారు. అప్పుడు ఏదో కొత్త అప్‌డేట్ పడి ప్రింటర్ మొరాయిస్తే ఆ టెన్షన్ ఎవరు పడతారు? మీరు పడతారా?

కొత్తదనం మీద అంత మోజుంటే డెబియన్‌లోనే ఇంకా విడుదల కాని కొత్త రకాలు టెస్టింగ్ ఉంది, అన్‌స్టేబుల్ ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. నా కౌంటర్ జోలికి మాత్రం రాకండి.