తాండూరు బండగారికి ఓ విన్నపం

మహారాజశ్రీ తాండూరు బండగారికి,

పుట్టినప్పటి నుంచి మీ నెత్తిన కాళ్లు పెట్టి నడుస్తున్నవాణ్ని. చనువుతో రాస్తున్నా, ఏమనుకోకండి.

2022 డిసెంబరులో మా కందికి, ఇది ఈ ఊరి పంటేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. ఈ కందికి ఇంత రుచి ఎక్కడిదంటే పెద్దలు చెప్పిన కారణం ఇదీ: నల్లరేగడి, అందులో అట్టపల్గైట్ అనే బంకమన్ను, కింద పరుచుకున్న సున్నపురాయి. అంటే తమరే కదా! సొమ్మొకడిది, సోకొకడిది.

కందికి ఊరి పేరైనా దక్కింది. మిమ్మల్ని పట్నంలో 'షాబాద్ బండ' అంటారు. ఆ షాబాద్ ఉన్నది కర్ణాటకలో, కలబురగి దగ్గర. (రంగారెడ్డి జిల్లాలో ఇంకో షాబాద్ ఉంది, అదో తలనొప్పి.) పసుపో నీలమో, తమరి రంగు చూసైనా గుర్తుపట్టరు.

కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున పొరలు పొరలుగా పడుకున్నారు. పలుగు ఆనిస్తే చాలు, పలకలుగా విడిపోయే మెత్తని గుణం. అదే మీ కొంప ముంచింది. 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు మా ఊరి మీదుగానే వచ్చింది. ఇక తవ్వేవాడికి, మోసేవాడికి కొదవేముంది?

చుట్టాలొస్తే భావిగి భద్రేశ్వరుడి గుడి చూపిస్తాం, కాగ్నా ఒడ్డుకు తీసుకెళ్తాం. మీ గుంతల వైపు మాత్రం తిప్పం. పట్నంవాళ్లయితే అనంతగిరిలో ఫొటోలు దిగి అటునుంచటే పోతారు.

మొన్న కంది చేను గట్టున నిలబడ్డా. బండల లారీ ఒకటి పోయింది. దుమ్ము దిగాక చూస్తే పచ్చటి పూత బూడిదరంగుకు తిరిగింది. ఆకు తుడిస్తే వేలికి సున్నం అంటినట్టు అంటింది. కింద నుంచి రుచి పెట్టేదీ మీరే, పైనుంచి ఊపిరి మూసేదీ మీరేనా?

ఇంకో సంగతి. వానాకాలం మీ మీద పాచి పట్టి, మా నాన్న జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అయినా ఎండాకాలం మధ్యాహ్నం చొక్కా విప్పి మీ మీదే పడుకుంటాడు. తమ్ముడు కొత్తింటికి మోర్బీ టైల్స్ వేయించాడు. మిమ్మల్ని మూడంటే మూడు, గేటు బయట చెప్పులు విడిచే చోట వేశాడు. గృహప్రవేశం నాడు నాన్న లోపలికి రానన్నాడు. నున్నగా ఉంది, జారుతుందట. విస్తరి ఆ మూడు బండల మీదికే తెప్పించుకున్నాడు.

పప్పు మాత్రం తాండూరుదే.

ఇట్లు,
మీ నెత్తినున్నవాడు