గింజల్లో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి, సరే. అవి పనిచేసేది ఎక్కడ?

"జీలకర్రలో ఇన్ని రెట్లు, వాములో అన్ని రెట్లు యాంటీఆక్సిడెంట్లు" అని రోజుకో పోస్టర్ తిరుగుతోంది. ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ రాయరు.

చాలాసార్లు అది డీపీపీహెచ్ అనే రసాయనంతో చేసే ప్రయోగశాల పరీక్షది. డీపీపీహెచ్ ఒక ఫ్రీ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. యాంటీఆక్సిడెంట్ దాన్ని అణచితే రంగు పోతుంది. గింజల పొడిని మిథనాల్‌లో నానబెట్టి వడకట్టిన సారాన్ని ఊదారంగు డీపీపీహెచ్ ద్రావణంలో కలుపుతారు. చీకట్లో 30 నిమిషాలు ఉంచి, 517 నానోమీటర్ల దగ్గర రంగు ఎంత విరిగిందో కొలుస్తారు. డీపీపీహెచ్‌ని సగం అణచడానికి పట్టిన సారం మోతాదే ఐసీ50. అది ఎంత తక్కువైతే సారానికి అంత బలం. పెద్ద అంకె కనబడగానే గొప్పదనుకుని తలకిందులుగా ప్రచారం చేస్తున్నారు, బాధగా ఉంటుంది. పైగా నూనె ఎక్కువున్న గింజలకు ముందు హెక్సేన్ అనే ద్రావణితో కొవ్వు తీయకపోతే ద్రావణం మసకబారి కొలత తప్పుతుంది. సారానికి సొంత రంగుంటే ఆ మేరకు విడిగా తీసేయాలి.

ఇంత జాగ్రత్తగా చేసినా అది గాజు గొట్టంలో జరిగిన రసాయన చర్యే. 100 గ్రాముల లెక్క చెబుతారు, మనం వాడేది చెంచాడు. తిన్న ఫినాల్స్‌లో (గింజల్లోని ముఖ్య యాంటీఆక్సిడెంట్ పదార్థాలు) చాలా భాగాన్ని పేగు గోడ, కాలేయం రూపం మార్చేస్తాయి. ఇలాంటి అంకెలు ఆహారం శరీరంలో చేసే మేలును చెప్పవనే అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీఆక్సిడెంట్ అంకెలిచ్చే తన ఓరాక్ పట్టికను 2012లో తీసేసింది.

"వాసన ఘాటుగా ఉంటే యాంటీఆక్సిడెంట్ ఎక్కువ" అన్నదీ నిజం కాదు. వాముకు ఘాటునిచ్చే థైమాల్ ఒక ఫినాల్. దాని హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) హైడ్రోజన్‌ను ఇచ్చి ఫ్రీ రాడికల్‌ను ఆపుతుంది. సోంపులోని అనెథోల్‌కు ఆ చోట మిథాక్సీ ఉంటుంది, ఇవ్వడానికి ఆ హైడ్రోజనే లేదు. అందుకే ఎంత గుబాళించినా ఈ పరీక్షలో వెనకబడుతుంది.

ఈ పదార్థాల సత్తా తిరుగులేకుండా కనిపించేది నూనెలో. నువ్వులు వేయించినప్పుడు సెసమోలిన్ విరిగి సెసమోల్ అనే యాంటీఆక్సిడెంట్ పుడుతుంది, వేయించిన నువ్వుల నూనె త్వరగా మక్కకపోవడానికి అదొక ముఖ్య కారణం. ఆవాల జాతి గింజల్లో వేడికి సినాపిక్ ఆమ్లం నుంచి కెనోలోల్ అనే మరో యాంటీఆక్సిడెంట్ వస్తుంది. కాబట్టి వేయిస్తే అంతా పోతుందనడం తప్పు. నల్ల జీలకర్రలోని థైమోక్వినోన్ మాత్రం వేడికీ వెలుతురుకీ తట్టుకోదు. ఏ గింజకు ఆ గింజ లెక్కే.

గింజలుగానే కొనండి. దంచగానే నూనె కణాలు పగిలి గాలి తగులుతుంది, పాడవడం అక్కడే మొదలు. సన్నసెగ మీద కదుపుతూ, వాసన లేవగానే దించండి. పూర్తిగా చల్లారాకే పొడి కొట్టండి, లేకపోతే ఆవిరి మూతకింద చెమ్మగా మారుతుంది. ఒకటి రెండు వారాలకు సరిపడా చిన్న సీసాలో, పైన ఖాళీ మిగలకుండా నింపి, పొయ్యికి దూరంగా చీకట్లో పెట్టండి. పాత నూనె కంపు వస్తే పారేయండి. మళ్లీ వేయిస్తే కంపు కాస్త అణగొచ్చు, అప్పటికే మక్కిన నూనె మాత్రం బాగుపడదు.