మహారాజశ్రీ 'చెక్ చెయ్యలేదండీ' గారికి

మహారాజశ్రీ 'చెక్ చెయ్యలేదండీ' గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. మీరు కుశలమేనని తెలుసు. పాత ఫిల్మ్ కెమెరా ఎవరు అమ్మకానికి పెట్టినా వాళ్ళ నోట్లో కాపురం ఉండేది మీరే. నా కుశలం మాత్రం అడక్కండి. నిన్న శనివారం మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాణ్ణి, లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఈ పొద్దున మా ఇంట్లో ఇడ్లీ లేదు, ఉప్మానే. ఇడ్లీ రేకుల గుంటల్లో విప్పిన కెమెరా స్క్రూలున్నాయి మరి. ఏ గుంటలోది ఎక్కడ బిగించాలో నాకొక్కడికే తెలుసు. కదిపితే ఊరుకోనని మా ఆవిడకి చెప్పాను. ఆవిడేమందో ఇక్కడ రాయను.

కొన్న కెమెరా యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్. నాలుగు వేల ఐదొందలు. "ఆ బ్యాటరీ ఎక్కడా దొరకట్లేదండీ, అందుకే చెక్ చెయ్యలేదు. షట్టర్ మాత్రం కొడుతోంది" అన్నాడు ఫోన్లో అమ్మిన పెద్దమనిషి. మాట సబబుగానే ఉంది. దానిది 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ, తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. షట్టర్ అంటారా, బ్యాటరీ లేకపోయినా ఆ కెమెరా 1/500 దగ్గర, అంటే సెకనులో ఐదొందలో వంతు స్పీడులో, టిక్కుమంటుంది, అదేం గొప్ప కాదు. అయినా విరుగుడు నా దగ్గరుంది. నాలుగు ఎల్ఆర్44 బటన్ సెల్స్ ఒకదాని మీద ఒకటి పేర్చి, విజిటింగ్ కార్డు ముక్కలో చుట్టి, మిగిలిన జాగాలో పాత బాల్‌పెన్ను స్ప్రింగు దూర్చితే పని జరిగిపోతుంది.

బ్యాటరీ మూత తిరగలేదు. రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే బిళ్ళే జారింది. ఇయర్‌బడ్‌ వెనిగర్‌లో ముంచి అరగంట బతిమాలితే అప్పుడు కదిలింది. లోపల ఏముందో తెలుసా అండీ? బ్యాటరీ. ఎక్కడా దొరకని ఆ బ్యాటరీ ఒళ్ళంతా చిలుం పూసుకుని దర్జాగా లోపలే కూర్చుని ఉంది.

ఇంకో విశేషం. ఈ కెమెరా వెనక ఒక బుల్లి బటన్ ఉంటుంది. నొక్కితే పైన దీపం వెలుగుతుంది, వెలిగితే బ్యాటరీ బాగున్నట్టు. అంటే చెక్ చెయ్యడానికే 1973లో జపాన్ వాళ్ళు పెట్టిన బటన్. యాభై ఏళ్ళ నుంచి ఒక్క వేలి కోసం ఎదురుచూస్తోంది. నేను నొక్కాను. వెలగలేదు. ఆ చిలుం వైరు లోపలికి కూడా పాకింది. తొక్క ఒలిస్తే రాగి నల్లగా బొగ్గయిపోయి ఉంది. కొత్త వైరు వేసి సోల్డర్ చేశాను. దీపం వెలిగింది! మా అబ్బాయిని పిలిచి చూపించాను కూడా. "అయితే?" అన్నాడు.

ఆ తర్వాత ఫిల్ము జరిపే లివర్ తిప్పాను. మంచి ఎలక్ట్రో అయితే తిప్పినప్పుడు లోపల 'టంగ్' మని ఒక చప్పుడు రావాలి. రాలేదు. ఎలక్ట్రోలు విప్పినవాళ్ళకి ఆ నిశ్శబ్దం ఏమిటో తెలుసు. లోపల మినపగుండంత రబ్బరు ముక్క ఒకటుంటుంది. వయసు మీదపడి అది కాస్తా కరిగి రాలిపోతుంది. అది లేకపోతే కడ్డీ ఆగాల్సిన చోట ఆగదు, కాంటాక్టులు కలవాల్సిన చోట కలవవు, ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ము మీద పడే వెలుతురు, దాని ఇష్టమొచ్చినట్టు ఉంటుంది. ఆ మినపగుండు కోసం పై కప్పు, ముందు పలక, లెన్సు, అన్నీ విప్పాలి. లెన్సు రింగుకి మావాడి జామెట్రీ బాక్సులో డివైడర్. రబ్బరుకి సైకిల్ ట్యూబు. మీ పుణ్యాన నా శనివారం ఆ ట్యూబు ముక్క కింద ఉంది.

మీ బంధువర్గం గురించి కూడా రెండు ముక్కలు. 'మా తాతగారిది'. అయితే? 'రేర్ పీస్ సార్'. ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాని పట్టుకుని కూడా ఇదే మాట, ఒకప్పుడు వీధికొకటి ఉండేది. 'లెన్స్ క్లియర్', అదీ ఫోన్ టార్చి వెయ్యనంతవరకే. ఇక 'ఇరవయ్యేళ్ళుగా లెదర్ కేసులో పెట్టి బీరువాలో భద్రంగా దాచామండీ' గారు ఉన్నారే, ఆయన అందరికన్నా ప్రమాదకారి. మాది విశాఖపట్నం. గోడకి కొట్టిన మేకు కూడా ఏడాదికి తుప్పు పట్టే ఊళ్ళో, చెమ్మ పీల్చే తోలు సంచిలో కుక్కి, గాలాడని బీరువాలో పెడితే లెన్సులో బూజు పట్టక ఏం పడుతుంది? ఫంగస్‌కి పురిటిగది కట్టించి, దానికి భద్రం అని పేరు!

పది సెకన్లు పట్టదే! వెనక తలుపు తెరిచి, కిటికీ వైపు పెట్టి, బటన్ నొక్కి చూడటానికి పది సెకన్లు! తలుపు అంచున వెలుతురు ఆపే స్పాంజి మీద వేలు పెడితే పనస జిగురులా నల్లగా అంటుకుంటుంది, దానికి ఇంకో రెండు సెకన్లు. అమ్మేవాడు చూడక కాదు. చూశాడు, తిప్పాడు, నొక్కాడు, చచ్చిందని తెలుసుకున్నాడు, తెలిశాకే నిన్ను పిలిచాడు. నువ్వేమో పంచె సర్దుకుని వచ్చి అమాయకంగా నిలబడతావు. సిగ్గుండాలి నీకు! నిన్ను నమ్మి ఎన్ని కొన్నాను! ముప్ఫై ఒకటి! వాటిలో ఇవాళ రీలు వేస్తే తేడా లేకుండా ఫోటో తీసేవి ఆరు.

క్షమించాలి, ఏకవచనంలోకి దిగాను. అందుకు కారణం ఇంకొకటుంది. అది చెప్పడానికే అసలు ఈ ఉత్తరం.

ఒకటి కొంటే రెండు అమ్మాలని ఉగాదికి మా ఆవిడ చట్టం చేసింది. మొన్న గురువారం జెనిట్-ఈ అమ్మకానికి పెట్టాను. ఇటుక లాంటి రష్యన్ కెమెరా, వెలుతురు కొలిచే సెలీనియం మీటర్ ఎప్పుడో పోయింది. అది దాచలేదు, రాశాను. రాయనిది వేరే ఉంది. 1/500 పెడితే షట్టర్ తెర మొరాయించి, ఫోటోలో ఒక పక్క పావు వంతు నల్లగా వస్తుంది. రెండు రీళ్ళు కడిగించి మరీ తెలుసుకున్నాను. సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడట. రెండు చేతులతో పట్టుకుని, దాని బరువుకే మురిసిపోయి, "అన్ని స్పీడులూ పనిచేస్తాయా అంకుల్?" అన్నాడు.

నోరు తెరిచాను. మీరొచ్చారు.

ఎంత నున్నగా వచ్చారండీ! గొంతు కూడా తడబడలేదు. పైగా వెనకాలే 'మా నాన్నగారిది' కూడా దిగబోయాడు, పళ్ళతో ఆపాను. ఆ అబ్బాయి పద్దెనిమిది వందలు ఇచ్చాడు. నేనొక కాలం దాటిన రీలు ఊరికే ఇచ్చాను, పాపపరిహారంగా. అతను అది తియ్యాలి, కడిగించాలి, స్కాన్లు రావాలి. రెండు వారాలు పట్టొచ్చు. మధ్యాహ్నం ఎండలో కాకుండా నీడలోనే తియ్యమని చెప్పుంటే బాగుండేది, 1/500తో పని పడకుండా పోయేది. ఫోన్ చేసి చెబుదామా అని రెండుసార్లు తీశాను. చెబితే, మరి అప్పుడెందుకు చెప్పలేదంటాడు.

ఎలక్ట్రో ఇంకా ఇడ్లీ రేకులోనే ఉంది. రేపు సోమవారం, పొద్దున్నే రేకులు కావాలట.

ఇట్లు,
చెక్ చేసినవాడు