మైకు మహాశయులకు వెనుక వరుస సభికుడి విన్నపం

మైకు మహాశయుల సముఖానికి,

మొన్న మా ఊరి ఫంక్షన్ హాలులో జరిగిన సన్మాన సభలో ముఖ్య అతిథి గారు తమరి నెత్తి మీద మూడు మొట్టికాయలు వేసి, రెండుసార్లు ఉఫ్ఫుమని ఊది, ఆపైన "వినపడుతోందా?" అని అడిగారు. రోగి బతికే ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి నెత్తిన మొట్టే వైద్యుణ్ణి నేనింతవరకు చూడలేదు.

1966లో అమెరికాలోని షూర్ సంస్థ ఎస్‌ఎం58 అనే పేరుతో తమరి వంశంలోని పెద్దను లోకానికి పరిచయం చేసినప్పుడు, ఆ పేరులోని తొలి అక్షరం స్టూడియోకు గుర్తుగా పెట్టుకున్నదే. తీరా ఆయన బతుకంతా వేదికల మీదే తెల్లవారింది. చేతిలో పట్టుకునే మైకుకు ఉన్న చిక్కు ఏమిటంటే, లోపలి పల్చని పొర, దానికి అంటుకున్న తీగచుట్ట అయస్కాంతపు సందులో గొంతు తాకిడికి ఊగినప్పుడే కాక, పట్టుకున్న చెయ్యి ఒంటిని కుదిపినప్పుడు కూడా, పొర వెనుకబడి అయస్కాంతం ముందుకు జరగడం వల్ల, అంతే నమ్మకంగా విద్యుత్తును పుట్టిస్తాయి. పాపం, తమరికి ఉపన్యాసమూ ఉంగరపు రాపిడీ ఒకటే. అందుకే ఆ నిర్మాతలు లోపలి గుండెకాయను ఒంటికి నేరుగా బిగించకుండా, గాలి ఆసరాగా ఉన్న మెత్తని ఊయలలో నిలిపారు. దాని మీద ఉక్కు జల్లెడ గుండు, ఆ గుండు లోపల స్పాంజి తొడిగారు. ఆరడుగుల ఎత్తు నుంచి పదే పదే నేలకు జారవిడిచి మరీ పరీక్షించారు.

చప్పుడు రాకూడదని వారు అంత శ్రమపడితే, చప్పుడు వస్తేనే నమ్ముతానని మా వక్త పట్టుబట్టాడు. ఒంటి మీద తట్టితే తగినంత మోత రాలేదు గనుక గుండు మీద కొట్టాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆవేశం పెరిగిన కొద్దీ ఆయన పిడికిలి పైకి పాకి గుండును పూర్తిగా కప్పేసింది. వెనుక నుంచి వచ్చే ధ్వనిని తోసిపుచ్చడానికి తమరికి ఉన్న దారులు అలా మూసుకుపోగానే, తమరు నాలుగు దిక్కులూ వినడం మొదలుపెట్టి, స్పీకరు పెట్టెలలోని మోతను తిరిగి ఆ పెట్టెలకే అందించి కీచుమన్నారు. తిట్లు మాత్రం మైకుసెట్టు కుర్రవాడు తిన్నాడు. వక్త గారు గుండును ఇంకాస్త గట్టిగా బిగించారు.

కాబట్టి మహాశయా, తమరి గట్టితనమే మా పాలిట శాపమైందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. దయచేసి వచ్చే జన్మలోనైనా కొంచెం సుకుమారంగా, మొదటి మొట్టికాయకే మూగబోయేటట్లు పుట్టవలసిందిగా ప్రార్థన. భోజనాలు వేడిగా ఉండగానే మేము లేవగలుగుతాము.

ఇట్లు,
చెవుల్లో దూది పెట్టుకున్న ఒక సభికుడు