రారిటన్‌లో స్ట్రైపర్ల సందడి, చెసపీక్‌లో పిల్లల కరువు

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే న్యూజెర్సీలోని రారిటన్ అఖాతం పడవలతో నిండిపోతుంది. సౌత్ ఆంబోయ్, కీపోర్ట్, యూనియన్ బీచ్ ఒడ్ల నుంచి శాండీ హుక్ మూల దాకా గాలాలే గాలాలు. మూడడుగుల పైచిలుకు స్ట్రైప్డ్ బాస్ (స్ట్రైపర్ అని పిలిచే చారల చేప) పడటం ఆ రోజుల్లో వింతేమీ కాదు. సరిగ్గా ఇదే కాలంలో దక్షిణాన మేరీల్యాండ్ ప్రభుత్వం చెసపీక్‌లో లెక్కించే పిల్లచేపల సూచీ (ఒక్కో వల వేతకు పడే ఆ ఏటి పిల్లల సగటు) వరుసగా ఏడేళ్లుగా పడిపోయి ఉంది. 1954 నుంచి సాగుతున్న ఆ లెక్కలో దీర్ఘకాల సగటు 11 దగ్గర ఉంటుంది. 2023లో తేలింది 1.0. 2024లో 2.0, 2025లో 4.0. అట్లాంటిక్ తీరమంతా తిరిగే స్ట్రైపర్లలో అత్యధిక భాగం పుట్టేది చెసపీక్ అఖాతంలో కలిసే నదుల్లోనే.

రెండు దృశ్యాలూ నిజమే. ఒకదాన్ని చూపించి మరొకటి అబద్ధమనడమే ఇప్పుడు నడుస్తున్న వాదనలోని లోపం. ‘చేపలు లేవంటారేమిటి, వచ్చి చూడండి’ అని రారిటన్‌లో వేటాడేవాళ్లు అంటున్నారు. వాళ్లకు కనిపిస్తున్నది మాత్రం ఏడెనిమిదేళ్ల కిందట, అంతకు ముందు పుట్టిన చేపలు. 2015లో పిల్లలు విరివిగా బతికాయి. 2018లో కూడా సగటు కంటే మెరుగ్గా బతికాయి. ఆ తర్వాత వెనక వచ్చే వరస దాదాపు ఖాళీ. స్ట్రైపర్ గుంపుగా తిరిగే చేప. మొత్తం సంఖ్య తగ్గినా మిగిలినవన్నీ మేత ఉన్నచోటే చేరతాయి కాబట్టి అక్కడ గాలం వేసేవాడికి కొరత తెలియదు. రారిటన్‌లోని వసంతకాలపు గుంపులో హడ్సన్ నదికి గుడ్లు పెట్టడానికి వెళ్లేవి, వెళ్లి తిరిగొచ్చేవి చాలా ఉంటాయి. చెసపీక్ దెబ్బ ఇక్కడ ఆలస్యంగా తెలియడానికి అదీ ఒక కారణం.

పిల్లలు ఎందుకు బతకడం లేదు? వరద గోదారిలో పులస ఎదురీదినట్టే స్ట్రైపర్ కూడా సముద్రం వదిలి మంచినీటి నదిలోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. నీటి వేడి సుమారు 58 నుంచి 68 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు ఈ పని జరుగుతుంది. గుడ్డు పొదగడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ అది ప్రవాహంలో తేలుతూనే ఉండాలి. ప్రవాహం చాలకపోతే అడుగుకు దిగి బురదలో కూరుకుపోతుంది. పొదిగి బయటపడిన పిల్లకు వెంటనే సూక్ష్మజీవుల మేత దొరకాలి. చలికాలం వెచ్చగా, మంచు తక్కువగా ఉన్న ఏడు ఆ మేత ముందే పెరిగి ముందే తరిగిపోతుంది. పిల్లలు వచ్చేసరికి పళ్లెం ఖాళీ. ఈమధ్య చెసపీక్‌లో వరుసగా ఇలాంటి చలికాలాలే వచ్చాయి. దీనికి గాలం వేసేవాళ్లు బాధ్యులు కారు. వాతావరణం మన చేతిలో లేదు కనుకే, గుడ్లు పెట్టే ఆడ చేపలు ఎన్ని మిగిలి ఉంటాయన్నది కీలకమవుతుంది. యాభై పౌండ్ల ఆడ చేప ఒక్కసారికి ముప్పై లక్షల గుడ్లు పెట్టగలదు. మంచి చలి, మంచి ప్రవాహం కలిసొచ్చిన ఏడాది నదిలో అలాంటివి ఉండాలి మరి.

నిర్వహణ చేతులెత్తేసిన కాలాన్ని ఈ చేప ఇంతకు ముందొకసారి చూసింది. 1980ల మొదట్లో నిల్వ కుప్పకూలింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది. 1985లో మేరీల్యాండ్ వేటను పూర్తిగా ఆపేసింది. 1989లో పిల్లల సూచీ 25 దాటాక, 1990లో పరిమితంగా తెరిచింది. 1995లో నిల్వ కోలుకుందని అట్లాంటిక్ రాష్ట్రాల మత్స్య కమిషన్ ప్రకటించింది. నేటికీ కొలమానం ఆ 1995 మట్టమే. తాజా అంచనా ప్రకారం 2023లో గుడ్లు పెట్టే ఆడ చేపల బరువు 19.1 కోట్ల పౌండ్లు. కనీస మట్టం 19.7 కోట్లు, లక్ష్యం 24.7 కోట్లు. 2029 నాటికి లక్ష్యం చేరాలని గడువు.

ఈ గడువు కోసం ఎంచుకున్న ప్రధాన ఆయుధం కొలబద్ద. 2022లో వినోద వేటగాళ్లు ఇంటికి తీసుకెళ్లిన చేపలు అంతకు ముందు ఏటితో పోలిస్తే దాదాపు రెట్టింపయ్యాయి. 2015లో పుట్టినవి ఆ ఏడాది 28 అంగుళాలు దాటి అనుమతించిన పరిధిలోకి రావడమే దానికి కారణం. కమిషన్ ఉలిక్కిపడి 2023 మేలో అత్యవసరంగా గరిష్ఠ పరిమితిని 31 అంగుళాలకు దించింది. 2024లో దాన్ని స్థిరపరిచింది. ఇప్పుడు సముద్రంలోనైనా అఖాతంలోనైనా న్యూజెర్సీలో రోజుకు ఒక చేప, 28 నుంచి 31 అంగుళాల మధ్య. బోనస్ పర్మిట్ తీసుకున్నవారికి 24 నుంచి 28 లోపు మరొకటి.

స్లాట్ అని పిలిచే ఈ 28-31 అంగుళాల పరిధి పెద్ద ఆడ చేపలను కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అయితే అప్పుడే ఈడుకొచ్చిన చేపలను ఏరి ఏరి తీసేస్తుంది. ఏడెనిమిదేళ్ల వయసులో ప్రతి తరమూ ఈ మూడంగుళాల సందులోంచి నడవాలి. 2015 తరం నడిచింది. ఇప్పుడు 2018 తరం నడుస్తోంది. దాని వెనక లెక్కలోకి వచ్చే తరం లేదు. మామూలు రోజుల్లో సరిపోయే నిబంధనే చివరి మంచి తరం మీద ప్రయోగించినప్పుడు వేరే ఫలితం ఇస్తుంది.

2025 అక్టోబరులో వేటలో మరో 12 శాతం కోత ప్రతిపాదన కమిషన్ బోర్డు ముందుకొచ్చింది. బోర్డు దాన్ని పక్కన పెట్టింది. సరదా వేటకు అద్దెకు తిప్పే చార్టర్ పడవల యజమానుల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆగితే ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తుంది. ఇక్కడ చార్టర్ కెప్టెన్‌కు మే నెల మూతపడితే ఏడాది ఆదాయంలో పెద్ద ముక్క పోతుంది, పరిహారమనే మాటే ఉండదు. న్యూజెర్సీలో స్ట్రైపర్‌ను అమ్మడం నిషిద్ధం కాబట్టి ఆ పడవలు బతికేది పూర్తిగా సరదా వేటగాళ్ల మీదే. అయినా కోత వద్దనడానికి ఇది చాలదు. కోతను ఎక్కడ పెట్టాలో ఆలోచించడానికి మాత్రం ఇది కారణమే.

ఎక్కడ పెట్టాలో తెలియాలంటే చేప ఏడాది పొడవునా ఎక్కడెక్కడ ఉంటుందో చూడాలి. న్యూజెర్సీ అఖాతాలు, నదులు జనవరి, ఫిబ్రవరి నెలల్లో స్ట్రైపర్‌కు మూసి ఉంటాయి. మార్చి 1న తెరుచుకున్నాక మొదట పలికేది రారిటన్ పడమటి చివర. అక్కడ లోతు తక్కువ, అడుగున నల్లటి బురద, ఎండకు తొందరగా వేడెక్కుతుంది. నీరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూ ఉన్నప్పుడు చేప మందకొడిగా ఉంటుంది. పరుగెత్తే ఎరను వెంబడించదు, ఎర్రటి సముద్రపు పురుగో క్లామ్ (గుల్ల) మాంసమో అడుగున పెడితే తింటుంది. ఎండ కాసిన మధ్యాహ్నం తర్వాత పాటు (సముద్రపు నీరు వెనక్కి తీయడం) మొదలై వాగుల్లోంచి గోరువెచ్చని నీరు బయటికి వచ్చే రెండు గంటలు మిగతా రోజంతటి కంటే విలువైనవి. ఏప్రిల్లో నీరు 50 దాటగానే బంకర్ అని పిలిచే కొవ్వు చేపల గుంపులు లోపలికి వస్తాయి, వాటి వెనకే పెద్ద స్ట్రైపర్లు. మేలో హడ్సన్ నుంచి దిగివచ్చేవి తోడవుతాయి. మే చివర, జూన్‌లో మేత సముద్రపు ఒడ్డుకు మారుతుంది. జులై నాటికి పెద్దవి ఉత్తరాన మాంటాక్, కేప్ కాడ్ వైపు వెళ్లిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుగు ప్రయాణం. అప్పుడు ఐలాండ్ బీచ్ పార్కు ఇసుక మీద నిలబడినవాడికీ అవకాశం ఉంటుంది. ఆ కాలంలో గుంపులు ఒక్కోసారి తీరం నుంచి మూడు మైళ్ల గీత అవతల మేస్తాయి. ఆ గీత దాటితే ఫెడరల్ జలాలు. అక్కడ స్ట్రైపర్ వేట 1990 నుంచీ నిషిద్ధం, పట్టి వదిలేసినా నేరమే.

ఇక లెక్కల్లో అందరూ దాటేసే విషయం, వదిలేసిన చేపల చావు. కమిషన్ అంచనాలో వదిలిన ప్రతి వందలో తొమ్మిది చనిపోతాయి. వదిలేవే ఎక్కువ కాబట్టి కొన్నేళ్లలో ఈ చావులు ఇంటికి తీసుకెళ్లినవాటిని మించాయి. తొమ్మిది అన్నది సగటు మాత్రమే. ఏప్రిల్లో 52 డిగ్రీల ఉప్పునీటిలో పెదవికి గాలం గుచ్చుకున్న చేప దాదాపుగా బతికిపోతుంది. వేసవిలో నీరు 70 దాటి, ఉప్పదనం, ప్రాణవాయువు రెండూ తగ్గిన చోట పోరాడి అలసిన చేప పైకి ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి తర్వాత చస్తుంది. అందుకని నా అభిప్రాయంలో ఒకే రకం మూసివేత అన్నిచోట్లా పెట్టడం తెలివితక్కువ. వసంతంలో రారిటన్ వంటి చల్లని నీళ్లలో చంపేది ఐస్ పెట్టె. కాబట్టి మేలో రెండు మూడు వారాలు ఇంటికి తీసుకెళ్లడం ఆపితే చాలు, పట్టి వదిలే వేట సాగవచ్చు, చార్టర్ పడవ కూడా బతుకుతుంది. నడివేసవిలో వెచ్చని నీళ్లలో మాత్రం స్ట్రైపర్‌ను గురిపెట్టడమే ఆపాలి. మేరీల్యాండ్ కొన్నేళ్లుగా తన అఖాతంలో వేసవిలో రెండు వారాలు ఇదే చేసింది.

పట్టి వదిలే వేటకు ఇంత చోటు ఇవ్వాలంటే వదలడం సరిగ్గా జరగాలి. సహజ ఎరకు సర్కిల్ హుక్ (మొన కాడ వైపు లోపలికి తిరిగి, పక్కకు మాత్రం ఒరగని గాలం) 2021 నుంచి తీరమంతటా తప్పనిసరి. బంకర్ ముక్కకు 8/0 సైజు సరిపోతుంది. దారం మీద జారే సీసం, ఆపై 50 పౌండ్ల లీడర్ (గాలానికి కట్టే చివరి దారం). ఆ లీడర్ రెండు అడుగులకు మించితే చేప ఎరను మింగేదాకా మనకు కబురు అందదు. అఖాతంలో మూడు నాలుగు ఔన్సుల సీసం, అలలున్న ఒడ్డున ఐదారు. కర్ర వంగగానే అలవాటుగా లాగి కొట్టేవాళ్లే ఎక్కువ. సర్కిల్ హుక్‌కు ఆ దెబ్బ పనికిరాదు, నోట్లోంచి జారి బయటికొస్తుంది. కర్ర దానంతటది బరువెక్కాక రీలు తిప్పుతూ పోతే గాలం దవడ మూలకు తిరిగి గుచ్చుకుంటుంది. ఎర ముక్కతో గాలం మొనను పూర్తిగా కప్పేసినా పట్టు దొరకదు. మూడు ముళ్ల గాలంతో బంకర్‌ను గుచ్చి అక్కడే వదిలి స్ట్రైపర్ కోసం కాచుకోవడం ఒకప్పటి పద్ధతి, ఇప్పుడు చట్టవిరుద్ధం. బంకర్‌ను పైకి తెచ్చి ముక్కు రంధ్రాల గుండా సర్కిల్ హుక్‌కు మార్చాలి.

చెక్క, ప్లాస్టిక్ ప్లగ్గులకు (చేప ఆకారపు కృత్రిమ ఎరలకు) ఈ నియమం వర్తించదు. నిజానికి పెద్ద గాయాలు వాటితోనే. రెండు మూడుముళ్ల గాలాలున్న ప్లగ్గు ఒకటి నోట్లో, మరొకటి కంట్లో లేదా మొప్పల్లో దిగుతుంది. వాటి స్థానంలో ఒంటి గాలాలు బిగించి, ముల్లు పక్కనుండే కొక్కిని పటకారుతో అణిచేస్తే చేపలు తగ్గేదేమీ ఉండదు. దారం 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం) కంటే సన్నగా వద్దు. పోరాటం సాగదీసే కొద్దీ చేప ప్రాణం తగ్గుతుంది. పెద్ద చేపను దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే వెన్ను, లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఇసుక మీదికి ఈడ్చకూడదు. కొక్కెంతో గుచ్చి ఎత్తడం నిషేధం. గాలం గొంతులోకి దిగితే పీకకుండా లీడర్ కోసేయడమే మేలు. కొలిచేటప్పుడు నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. తోక విప్పి ఉంచితే 30 ముప్పావు చూపే చేప నొక్కగానే 31 దాటవచ్చు.

రారిటన్‌కు అరగంట దూరంలో ఎడిసన్, ఐసిలిన్, పిస్కటవే ఉన్నాయి. అక్కడి తెలుగువాళ్లు ఈ వేటలోకి ఎక్కువగానే వస్తున్నారు. న్యూజెర్సీ సముద్ర వేటకు లైసెన్సు ఫీజు లేదు, ఉచితంగా రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకుంటే చాలు. వాళ్లు వెంటనే అడిగేది పులుసుకు బాగుంటుందా అని. రుచికి ఢోకా లేదు. చిక్కల్లా పీసీబీలు. హడ్సన్ ఎగువన జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారాలు 1977 దాకా వదిలిన ఈ రసాయనాలు చేప కొవ్వులో నిలిచి ఉంటాయి. గర్భిణులు, బిడ్డలు కనే వయసు స్త్రీలు, చిన్నపిల్లలు అసలు తినొద్దని, మిగతావాళ్లు కూడా పరిమితంగానే తినాలని రాష్ట్రం హెచ్చరిస్తోంది. తోలు, పొట్ట భాగం, పక్కన పొడవునా ఉండే ముదురు ఎరుపు మాంసం తీసేసి, కొవ్వు కారిపోయేలా జాలీ మీద కాల్చి, కారిన రసం పారేయాలి. పులుసులో ఆ కొవ్వంతా గిన్నెలోనే ఉండిపోతుంది. తలకాయ పులుసు ఇంకా అధ్వాన్నం.

2018 తరంలోని చేపలు రెండేళ్లలో 31 అంగుళాలు దాటి స్లాట్ నుంచి బయటపడతాయి, లేదా ఐస్ పెట్టెల్లోకి చేరతాయి. పూర్తిస్థాయి నిల్వ అంచనా 2027లో రావాలి. దాని కోసం ఆగుదామన్నది కమిషన్‌లోని చాలామంది మాట. అంచనా వచ్చి, నిబంధన రాసి, రాష్ట్రాలు అమలు పెట్టేసరికి 2028 వసంతం గడిచిపోతుంది. న్యూజెర్సీ మెరైన్ ఫిషరీస్ కౌన్సిల్ సమావేశాలకు ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. మే నెల మూసివేతను రాష్ట్రం తనంతట తానే పెట్టుకోవచ్చు, అందుకు బోర్డు ఓటు అక్కర్లేదు.